ప్లగ్గు పెట్టని బండి

తెల్లవారుతుండగానే మా కిటికీ కింద కారు దానంతట అదే స్టార్ట్ అవుతుంది. లోపల మనిషి ఉండడు. మూడో అంతస్తులో ఉదయ్ కుమార్ సార్ తల దువ్వుకుంటూ ఫోన్‌లో ఏదో నొక్కుతాడు, ఇక్కడ ఇంజను గుర్రుమని లేస్తుంది, ఏసీ తిరుగుతుంది. సార్ తీరిగ్గా దిగొచ్చేసరికి సీటు చల్లగా ఉండాలి. ఆయన సీటు చల్లబడేంతసేపూ ఆ వేడీ ఆ కంపూ మా పడకగదిలోకి వస్తాయి. నా భర్త దుప్పటి అంచు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ లేచి కూర్చుంటాడు.

నాకు కోపమెక్కువని మా చిక్కడపల్లి వాడకట్టంతా అంటుంది. అనుకోనీ. పొద్దున్నే మొగుడి దగ్గు విని లేచేదానికి శాంతం ఎక్కడి నుంచి వస్తుంది? కోపం రానివాళ్లు ఒకసారి వచ్చి మా కిటికీ దగ్గర పడుకుని చూడాలి.

నా భర్త పేరు విద్యాసాగర్. ట్రాఫిక్ పోలీసు. ఉద్యోగంలో ఎక్కువ కాలం నారాయణగూడ చౌరస్తాలోనే గడిచింది. ఇటు హిమాయత్‌నగర్ నుంచి వచ్చే బండ్ల పొగ, అటు కాచిగూడ నుంచి వచ్చే బండ్ల పొగ, అన్నీ కలిపి మింగి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ఏటా మృగశిరకు క్యూలో నిలబడి చేప మందు మింగించాను, పెద్దాసుపత్రిలో చూపించాను, మందులు మార్చాను. చివరికి డాక్టరు చెప్పింది ఒక్కటే: పోయింది ఎట్లాగూ తిరిగి రాదు, ఉన్నదాన్ని పొగ తగలకుండా కాపాడుకోండి.

మెట్లెక్కలేడు కాబట్టే ఈ అపార్ట్‌మెంట్‌లో కింది పోర్షన్ తీసుకున్నాం. ముందంతా కార్లు నిలిపే జాగా, వెనక మా ఇల్లు. పడకగదికి ఉన్నది ఒక్కటే కిటికీ. మూస్తే ఆయనకు ఊపిరాడదు. తెరిస్తే ఇదిగో, ఉదయ్ కుమార్ సార్ కారు వెనక గొట్టం.

ఆ కారు అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్తే ఎవరైనా నన్నే తిడతారు. మేమే పిలిచి పీట వేశాం.

ఉదయ్ కుమార్‌కు అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటరుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పర్యావరణం పాఠం చెప్తాడు. గోడల మీద, ఆటోల వెనక, హాస్టళ్ల మెట్ల దగ్గర, ఎక్కడ చూసినా ఆయన బొమ్మే. చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు, వెనక ఆకుపచ్చ భూగోళం. నిరుడు ఈ కారు కొన్నాడు. ఇంటింటికీ మిఠాయి డబ్బా పంచి, దాని గురించి అందరికీ చెప్పాడు. ఇది పెట్రోలుతోనూ నడుస్తుందట, ఫోన్‌కు పెట్టినట్టు ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేసుకుంటే కరెంటుతోనూ నడుస్తుందట. కరెంటు మీద పోతున్నంతసేపు పొగ లేదు, చప్పుడు లేదు. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కు దూరమెంత? పొరపాటున ఆటోవాణ్ణి పిలిస్తే నడిచిపోరాదా అక్కా అంటాడు, అంత దగ్గర. మధ్యాహ్నం నారాయణగూడలో ఇంకో బ్రాంచికి పోయి వచ్చినా సరే, రోజూ ప్లగ్గు పెట్టుకుంటే పెట్రోలు చుక్క అక్కర్లేదు. ఇదంతా నా తెలివి కాదు, మిఠాయి డబ్బాతో పాటు ఆయన పంచిన తెలివే.

ఛార్జింగుకు సాకెట్ కావాలన్నాడు. మీటర్లన్నీ ఉన్న గోడ మా కిటికీ పక్కది. ఆ గోడకు ఆనుకున్న పార్కింగ్ జాగా మాది, అందులో మా స్కూటర్ ఉండేది. అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. మంటలు లేస్తాయని ఒకరు, కరెంటు బిల్లు అందరి మీద పడుతుందని ఒకరు, పిల్లలకు షాక్ కొడుతుందని ఒకరు, ఎవరికి తోచిన అడ్డుపుల్ల వాళ్లు వేశారు. ప్రెసిడెంట్ బుచ్చిబాబు గారు ఇక కుదరదని తేల్చేయబోతుంటే నా భర్త లేచాడు. ఏ మీటింగ్‌లోనూ నోరు విప్పని మనిషి.

"పొగ లేని బండి తెస్తుండంటే అడ్డం పడుడేంది? నా జాగ ఇస్త, ఆడ పెట్టుకోనీ. నాసొంటోనికి గంతకన్న మంచి ముచ్చటేముంటది?" అన్నాడు.

ఉదయ్ కుమార్ అందరి ముందూ ఆయన కాళ్లకు మొక్కినంత పని చేశాడు. సొంత ఖర్చుతో వేరే మీటరు పెట్టించుకున్నాడు, ఏసీకి పెట్టేలాంటి పెద్ద సాకెట్ బిగించారు, మా స్కూటర్ గేటు పక్కకు పోయి వానకు తడవడం మొదలుపెట్టింది. కారు వచ్చి సరిగ్గా మా కిటికీకి వెనక గొట్టం ఆనించి నిలబడింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆ సాకెట్ మూత తెరిచింది నేను చూడనేలేదు.

మొదట్లో నేనే సర్దిచెప్పుకున్నాను, కొత్త కదా, నేర్చుకుంటున్నాడేమోనని. తర్వాత వర్షాకాలం, తడిలో కరెంటంటే భయమేమోనని. చలికాలం కూడా వచ్చింది, పోయింది. బండికి ఛార్జింగు లేదు కాబట్టి ఏసీ తిరగాలన్నా ఇంజను లేవాల్సిందే. అది లేస్తూనే ఉంది, నా భర్త దగ్గుతూనే ఉన్నాడు. ఆయన పంపు, అదే నోట్లో పెట్టుకుని పీల్చేది, ఇదివరకు నెల దాటి వచ్చేది, ఇప్పుడు నెల తిరగకముందే ఖాళీ అవుతోంది.

ఒకరోజు మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను, ఛార్జింగ్ పెడతలేవేంది తమ్మీ అని. ఆయన నా భుజం తట్టినంత ఆప్యాయంగా, ఛార్జింగ్ లేకున్నా నడుస్తది అక్కా, మీరేం పరేషాన్ కాకుండ్రి, పెట్రోల్ ఉన్నది గదా అన్నాడు. ఆయన బండి ఎక్కడ ఆగిపోతుందోనని నేను దిగులు పడుతున్నాననుకున్నాడు. నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

నా పోరు పడలేక నా భర్త కూడా అడిగాడు, మెల్లగా, తప్పు తనదే అయినట్టు. ఛార్జింగ్ కేబుల్ ఖరాబైందనీ, కంపెనీ వాళ్లు రిపేరుకు తీసుకుపోయారనీ ఉదయ్ కుమార్ చెప్పాడట. ఇక నా భర్త చేతికి అదొక్కటి దొరికింది. నేను ఎప్పుడు నోరెత్తినా అదే జవాబు: కేబుల్ రిపేరుకు పోయింది, పాపం ఆయనేం చేస్తాడు, పోనీ తియ్. చౌరస్తాలో అన్నేళ్లు నిలబడి ఎవరెవరితోనో మాటలు పడ్డ మనిషికి ఈ పోనీతియ్ ఎక్కడ అబ్బిందో నాకిప్పటికీ తెలియదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్త బుద్ధవుతుందని ఊరికే అనలేదు.

మా చెల్లెలి కూతురు భవ్య అశోక్ నగర్ హాస్టల్లో ఉండి అదే సెంటర్లో చదువుతోంది. ఆదివారాలు మా ఇంటికి అన్నానికి వస్తుంది. ఒకసారి పప్పుచారు కలుపుకుంటూ, ఉదయ్ సార్ మీ బిల్డింగేనా పెద్దమ్మా అని మురిసిపోయింది. క్లాసులో తన కారు సంగతే ఉదాహరణగా చెప్తాడట. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడతాను, పొద్దున్న చుక్క పెట్రోలు కాల్చకుండా మీ ముందు నిలబడతాను, మార్పు మన ఇంటి నుంచే మొదలవ్వాలి అంటాడట. పిల్లలంతా చప్పట్లు కొడతారట. భవ్య అది నోట్సులో కూడా రాసుకుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేను పళ్లు నూరుతుంటే, నా భర్త సైగ చేశాడు, పిల్ల ముందు వద్దని. పిల్లకు పెరుగు వేసి ఊరుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజు ఉదయ్ కుమార్ భార్య శ్రీదివ్య పేరంటానికి పిలిచింది. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. మర్యాద తెలిసిన పిల్ల, సుల్తాన్ బజార్‌కు పోతే నాకేం కావాలో అడిగి తెస్తుంది. పొద్దున మళ్లీ ఆ ఇంజను పోటు పడ్డా, పసుపు కుంకుమకు పిలిస్తే పోకుండా ఉండటం తప్పని, సాయంత్రం మంచి చీర కట్టుకుని లిఫ్టులో పైకి పోయాను.

ఇల్లంతా ఆడవాళ్లు. కాళ్లకు పసుపు రాయించుకుని, అమ్మవారికి దండం పెట్టుకుందామని పూజ గదిలోకి వెళ్లాను. అమ్మవారి పీట పక్కన ఇంకో చిన్న పీట ఉంది. దాని మీద ఇత్తడి పళ్లెంలో నల్లగా, చుట్టలు చుట్టుకుని, ఒళ్లంతా పసుపు కుంకుమ బొట్లతో, నెత్తిన బంతిపువ్వుతో ఏదో కనిపించింది. నాగదేవతను పెట్టుకున్నారు కాబోలనుకుని చెంపలు వేసుకున్నాను. వేసుకున్న తర్వాత చూస్తే దాని మీద ప్లాస్టిక్ కవరుంది. కవరు మీద కంపెనీ పేరుంది. ఒక చివర మూడు పిన్నుల ప్లగ్గు, ఇంకో చివర తుపాకీ పిడిలాంటి మూతి.

నేను ఛార్జింగ్ కేబుల్‌కు దండం పెట్టాను.

శ్రీదివ్య వెనకే తాంబూలం పట్టుకుని వచ్చింది. నేను దాన్నే చూస్తుండటం చూసి నవ్వింది.

"కారు పూజనాడు పంతులుగారు దీనికి గూడ బొట్టు పెట్టిండక్కా. బొట్టు పెట్టినదాన్ని కింద మట్టిల ఎట్ల పడేస్తం? పైంగ మస్తు ఖరీదంట, ఎవలన్న ఎత్కపోతరని ఈయన ఈడనే భద్రంగ పెట్టమన్నడు. దసరాకు, శ్రావణానికి నేనే కడిగి బొట్టు పెడ్త."

రిపేరుకు పోయి ఎప్పుడు వచ్చిందమ్మా అని అడిగాను.

"రిపేరెందుకక్కా? వాడితే గదా ఖరాబయ్యేది. ఫొటోలకని ఒక్కనాడు చేతిల పట్టుకున్నం గంతే, కవరు గూడ తియ్యలే."

ఆ పిల్ల కళ్లలో కల్మషం లేదు. తను చేస్తున్నది భక్తి అనుకుంటోంది, జాగ్రత్త అనుకుంటోంది. నా ఒళ్లు మండిపోతోంది. ఆ పళ్లెం ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. ఎదురుగా అమ్మవారు ఉంది, పక్కన పదిమంది ముత్తైదువలు ఉన్నారు. నానబెట్టిన శనగలు, రవిక గుడ్డ, తమలపాకులు కొంగులో వేయించుకుని, పెద్దదాన్ని కాబట్టి ఆ పిల్ల నెత్తిన అక్షింతలు కూడా వేసి కిందికి వచ్చాను. లిఫ్టు కోసం ఆగలేదు.

నా భర్త మంచం మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. మొత్తం చెప్పాను. గట్టిగానే చెప్పాను, గోడల అవతలికి వినపడితే పడనీ అని. కేబుల్ ఎక్కడికీ పోలేదు, వాళ్ల దేవుడి గదిలో పూజలందుకుంటోంది, నువ్వు నమ్మి పోనీతియ్ పోనీతియ్ అంటున్నావు, వాడు నిన్ను చూసి నవ్వుకుంటున్నాడు, నీ జాగా తీసుకుని నీ ముక్కులోకే పొగ వదులుతున్నాడు, నువ్వు మనిషివా రాయివా అన్నాను. అనకూడనివి కూడా అన్నాను.

ఆయన పేపరు మడిచాడు.

"కవరు గూడ తియ్యలేదా?" అన్నాడు.

తీయలేదన్నాను. పోనీ తియ్ అంటాడని, అంటే ఈసారి కంచం విసిరేద్దామని చూశాను. అనలేదు. అన్నం దగ్గర రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి పక్కన ఆయన లేడు. బాత్రూమ్‌లో లేడు. వంటింట్లో లేడు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ కూడా లేదు. కిటికీలోంచి చూశాను. కారు వెనక, గొట్టానికి జానెడు దూరంలో కుర్చీ వేసుకుని, లుంగీ మోకాళ్ల మీదికి సర్దుకుని కూర్చున్నాడు. పంపు చూస్తే టీవీ పక్కన అట్లాగే ఉంది.

పరుగెత్తుకుపోయాను. లెమ్మన్నాను. చెయ్యి పట్టి లాగాను. ట్రాఫిక్ పోలీసు బరువు, నా చేతికి కదల్లేదు.

"నువ్వు జర ఆగు విజయా," అన్నాడు.

అప్పుడే కారు లేచింది. లోపల ఎవరూ లేరు. పైన ఎవడో తల దువ్వుకుంటున్నాడు, కింద ఈ మనిషి ముఖాన వేడి గాలి కొడుతోంది. ఆయన దగ్గు మొదలైంది. లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ముందుకు వంగి దగ్గుతున్నాడు. నేను కారు అద్దాలు బాదాను. ఎవర్ని బాదను? స్టీరింగ్ ముందు సీటు ఖాళీగా చల్లబడుతోంది. మూడో అంతస్తు బాల్కనీ వైపు తలెత్తి నోటికొచ్చినట్టు తిట్టాను. పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద గొంతుతో నేను ఎవర్నీ తిట్టలేదు. ఒక్కొక్క బాల్కనీలోకీ మనుషులు వచ్చారు. లోపలికి పోయి పంపు తెచ్చి ఆయన నోటికి పెట్టబోతే తల తిప్పేసుకున్నాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుని ఉదయ్ కుమార్ సార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు, చెవి దగ్గర ఫోను. ఏందక్కా లొల్లి అని అడగబోయి నా భర్తను చూశాడు. చెవి దగ్గరి ఫోను తీసి దాని మీద వేళ్లు ఆడిస్తాడు, కారు ఆగదు. ఏదో నొక్కితే లైట్లు వెలిగాయి, ఇంకేదో నొక్కితే హారను మోగింది. అయిదారు తప్పులు నొక్కిన తర్వాత ఇంజను ఆగింది.

అంతా నిశ్శబ్దమైంది, నా భర్త దగ్గు తప్ప. ఆ దగ్గు అందరూ విన్నారు. రోజూ మా గదిలో నేనొక్కదాన్నే వినేది ఆ రోజు బిల్డింగంతా విన్నది. చాలాసేపటికి అది తగ్గింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, నా చేతిలోంచి పంపు తీసుకుని రెండుసార్లు పీల్చాడు.

"కేబుల్ రిపేరయ్యి వచ్చిందా తమ్మీ?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు. కుశలం అడిగినట్టు అడిగాడు. ఉదయ్ కుమార్ నా వైపు చూశాడు, నేను ఆయన వైపే చూస్తున్నాను. ఇంకో వైపు చూస్తే బాల్కనీలో బుచ్చిబాబు గారు ఉన్నారు.

"అంటే అన్న, అది... పెట్రోల్ ఎట్లాగూ ఉంటది గదా, దినాం ప్లగ్గు పెట్టుడు, తీసుడు యాది ఉంటలేదు. ఇది గాకుంటే అది ఉన్నదని..."

నా భర్త ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నీ బండికి ఇది గాకుంటే అది ఉన్నది. నాకు గీ గాలి గాకుంటే ఇంకో గాలి లేదు తమ్మీ."

మెట్ల మీద చప్పుడైతే చూశాను. శ్రీదివ్య దిగి వస్తోంది. జడ కూడా వేసుకోలేదు, రెండు చేతుల్లో ఆ కేబుల్ ఉంది. బంతిపువ్వు మెట్ల మీదే రాలిపోయింది. మొగుడి ముందుకు వచ్చి దాని ప్లాస్టిక్ కవరు గోళ్లతో చింపింది. దాన్ని అతని చేతుల్లో పెట్టింది.

ఉదయ్ కుమార్ దాన్ని తీసుకుని సాకెట్‌లో ప్లగ్గు పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. రెండో చివర ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కారు చుట్టూ తిరిగాడు. వెనక ఒక మూత తెరిస్తే అది పెట్రోలు పోసేది. దాన్ని మూసి అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, ముందు చక్రం పైన తడిమాడు. వందలమంది పిల్లలకు మైకు పెట్టి చెప్పే మనిషి, తన బండికి కరెంటు ఎక్కడ ఎక్కుతుందో తనకే తెలియక కేబుల్ మెడకు చుట్టుకుని దాని చుట్టూ తిరుగుతుంటే, నాకు జాలి వేయాల్సింది. వేయలేదు. ఇంకా తిరగనీ అనుకున్నాను.

చివరికి దొరికింది. లోపల ఎక్కడో టక్కుమంది, చిన్న లైటు వెలిగింది. ఉదయ్ కుమార్ చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ఇస్త్రీ చొక్కాకు కుంకుమ అంటింది. అతని ఫోను మోగుతూనే ఉంది, మొదటి బ్యాచ్ పిల్లలు వచ్చి కూర్చున్నారు కాబోలు.

పెట్టిన అన్న, ఇంక లేవుండ్రి, లోపట పండుకోండ్రి అన్నాడు. అశోక్ నగర్ వరకు పోయేంత ఎక్కగానే తీసేస్తాననీ, ఇయ్యాల క్లాసుందనీ అన్నాడు. నా భర్త తలెత్తి చూశాడు.

"నిండనీ. నిండినదంక నేను ఈడనే కూసుంట," అన్నాడు.

అది నిండటానికి ఒక పూటంతా పడుతుందని అతనే ఒకప్పుడు మాకు చెప్పాడు. ఉదయ్ కుమార్ వాచీ చూసుకున్నాడు, గేటు వైపు చూశాడు, కేబుల్ వైపు ఒక అడుగు వేసి శ్రీదివ్య ముఖం చూసి ఆగిపోయాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. మీరన్న చెప్పుండ్రి అక్కా, గంతసేపు గాలికి కూసుంటే ఆయనకు మంచిది కాదు అన్నాడు.

నేను ఇంట్లోకి పోయి ఇంకో కుర్చీ తెచ్చి, నా భర్త పక్కన వేసుకుని కూర్చున్నాను.